“కౌంట్ ఆన్” అని అడిగితే “యస్” అన్నారు: ఒక టెస్ట్ లీడ్ కేసు

ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఆఫీసు ఇంగ్లిష్ నేర్పడం నా వృత్తి. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి గ్రామరే ఇబ్బంది, లేదంటే కాల్‌లో నోరు తెరవడానికి జంకు. ఈ కేసులో ఆ రెండూ లేవు. ఒకరి మీద ఆధారపడటాన్ని చెప్పే నాలుగైదు ఇంగ్లిష్ క్రియల దగ్గర, ముఖ్యంగా “కౌంట్ ఆన్” దగ్గర చిక్కుపడి, పని బాగా తెలిసిన ఒక ఉద్యోగికి “మాట మీద నిలబడరు” అన్న పేరొచ్చింది. మనిషినీ కంపెనీనీ పోల్చుకోగల వివరాలు మార్చాను. మెయిల్ వాక్యాలు ఆమె ఒప్పుకున్నాకే, పేర్లు తీసేసి వాడుతున్నాను.

నేపథ్యం

ఆమె టెస్ట్ లీడ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టీమ్‌కు పెద్ద. వయసు ముప్ఫై దాటింది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, తర్వాత ఇంజినీరింగ్, ఆపైన అన్నీ టెస్టింగ్ ఉద్యోగాలే. కింద చిన్న టీమ్ ఉంది. క్లయింట్ ఇంగ్లండ్‌లో. అక్కడి ప్రొడక్ట్ ఓనర్‌తో, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏం కావాలో తేల్చే క్లయింట్ మనిషితో, రోజూ ఒక కాల్, రోజంతా మెయిళ్లు. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. ఆమె డిఫెక్ట్ (దొరికిన తప్పు) రాస్తే డెవలపర్ మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రాదని మేనేజరే చెప్పారు.

ఆ మేనేజర్ నాకు పంపిన మెయిల్ మాత్రం ఇలా ఉంది: ఇంగ్లిష్ ఓకే, ఓనర్‌షిప్ (పనిని తనదిగా తీసుకోవడం) తక్కువ, క్లయింట్ ఎస్కలేట్ చేశారు (పైవాళ్లకు ఫిర్యాదు చేశారు), సాఫ్ట్ స్కిల్స్ ఇప్పించండి. “ఓనర్‌షిప్ తక్కువ” అనేది మా రంగంలో ఏ నొప్పికైనా రాసిచ్చే పారాసెటమాల్ లాంటిది. దాన్ని పట్టుకుని మొదలుపెట్టడం నాకిష్టం లేక, ముందు ఎస్కలేషన్‌కు దారితీసిన మెయిళ్లు, కాల్ రికార్డింగులు చూపించమన్నాను.

చూపించినవి

మొదటిది మెయిల్. సోమవారం ప్రొడక్ట్ ఓనర్ అడిగారు: “కెన్ వుయ్ కౌంట్ ఆన్ ద సైన్ ఆఫ్ బై థర్స్‌డే?” ఆమె జవాబు: “యస్, వుయ్ ఆర్ వర్కింగ్ ఆన్ ఇట్.” సైన్ ఆఫ్ అంటే టెస్టింగ్ అయిపోయింది, విడుదల చేసుకోవచ్చు అనే ఆమోదం. గురువారం అది రాలేదు. ఆయనేమో ఆ “యస్” చూసి శుక్రవారం పొద్దున రిలీజ్ మీటింగ్ పెట్టి, ఇంకో రెండు టీములను పిలిచి కూర్చున్నారు. మీరు సరేనన్నారు కదా అని ఆయన. పని నడుస్తోందనే కదా అన్నాను అని ఈమె.

రెండోది కాల్. ఆయన అన్న మాట: “ఐ వుడంట్ కౌంట్ ఆన్ ద టెస్ట్ డేటా బీయింగ్ రెడీ బిఫోర్ మండే.” ఇది విన్నాక ఆమె శనివారం టీమ్‌ను ఆఫీసుకు రప్పించారు. టెస్ట్ డేటా రాలేదు, రాదనే ఆయన చెప్పింది. ఇంగ్లండ్ వాళ్లు “ఐ వుడంట్ కౌంట్ ఆన్ ఇట్” అన్నారంటే మర్యాదగా “అది అయ్యేలా లేదు, దాన్ని చూసుకుని ప్లాన్ వేసుకోకండి” అని అర్థం. ఆమెకు “కౌంట్” అనగానే లెక్క గుర్తొచ్చింది. వెంటనే మన “లెక్కచేయకు” గుర్తొచ్చింది. “డేటా గురించి నేనైతే పెద్దగా పట్టించుకోను, మండే లోపు వచ్చేస్తుందిలే” అన్నట్టు వినిపించింది. ఇంత తిరుగుడు అర్థం ఎలా వచ్చిందా అనిపించవచ్చు. కానీ వాక్యంలో “రెడీ”, “బిఫోర్ మండే” అనే మాటలు స్పష్టంగా వినపడి, నడుమ ఉన్నది మసకబారితే మెదడు ఇలాగే అతుకు వేస్తుంది.

మూడోది ఆమె రాసిన మెయిల్: “వుయ్ ఆర్ డిపెండెడ్ ఆన్ యువర్ టీమ్ ఓన్లీ ఫర్ ద యాక్సెస్. వుయ్ ఆర్ ఫుల్లీ డిపెండింగ్ ఆన్ యూ.” ఆమె ఉద్దేశం వినయం. మీరు దయతలిస్తేనే మా పని సాగుతుందని. దానికి వచ్చిన జవాబులో ఆమె మేనేజర్, ఆయన పైవాళ్లు కాపీలో ఉన్నారు, యాక్సెస్ ఎప్పుడు ఇచ్చామో తేదీలతో సహా రాశారు. ఆ వాక్యాలు అవతలి చెవికి “ఆలస్యం మీవల్లే” అన్నట్టు తగిలాయి.

భాషా, స్వభావమా?

నేర్పడానికి ముందు ఇది తేల్చుకోవాలి. మాటివ్వడమంటే ఏమిటో తెలియని మనిషికి “కౌంట్ ఆన్” లాంటి జంట మాటల క్రియలు, అంటే ఫ్రేజల్ వెర్బ్స్, ఎన్ని నేర్పినా లాభం లేదు. అందుకని అదే పరిస్థితిని తెలుగులో పెట్టి చూశాను. “మీ టీమ్‌లో అమ్మాయి వచ్చి, మేడమ్, గురువారానికి అయిపోతుందని వాళ్లకు చెప్పేయనా అని అడిగిందనుకోండి. ఏమంటారు?”

“ఇప్పుడే చెప్పకమ్మా, డేటా రానీ, మంగళవారం చూసుకుని చెబుదాం అంటాను సార్.”

ఆలోచించకుండా వచ్చిన జవాబది. ఎక్కడ మాటివ్వాలో, ఎక్కడ ఇవ్వకూడదో ఆమెకు బాగా తెలుసు. ఇంగ్లిష్‌లో తనను మాట అడుగుతున్నారన్న సంగతే ఆమె గుర్తించడం లేదు. “కెన్ వుయ్ కౌంట్ ఆన్” అన్నది ఆమెకు “పని ఎంతవరకు వచ్చింది” అన్నట్టే వినపడుతోంది. దాంతో సాఫ్ట్ స్కిల్స్ సెషన్లు పక్కన పెడదామని మేనేజర్‌కు రాశాను. ఆయనకు పూర్తిగా నచ్చలేదు, కానీ ఒప్పుకున్నారు.

ఈ క్రియలు ఆమెకు ఎక్కడ పరిచయమయ్యాయో అడిగాను. ఇంజినీరింగ్ అయ్యాక కొన్నాళ్లు బ్యాంకు పరీక్షలకు చదివారట. ఆ పుస్తకంలో డిపెండ్ ఆన్, రిలై ఆన్, కౌంట్ ఆన్, బ్యాంక్ ఆన్ అన్నింటికీ ఎదురుగా ఒకే మాట: ఆధారపడు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడానికి అది సరిపోతుంది.

ప్రయత్నాలు, వాటిలో నిలవనివి

మొదట ఆ ఒకే మాటను విడదీయాలనుకున్నాను. డిపెండ్ ఆన్‌లో ఉన్నది అవసరం. అది లేకపోతే ఇది లేదు. అందులో నమ్మకం ఉండనక్కర్లేదు. రిలీజ్ తేదీ డేటా మీద డిపెండ్ అవుతుంది, పంట వాన మీద డిపెండ్ అవుతుంది. రిలై ఆన్ గతం చూసి వచ్చే ధీమా. ఇన్నాళ్లూ పనిచేసింది, ఇకముందూ చేస్తుంది అనుకుని రోజూ వాడుకోవడం. కౌంట్ ఆన్ చూపు ముందుకు. ఫలానాది జరుగుతుందని ఖాయం చేసుకుని దాని మీద తర్వాతి అడుగు వేసేయడం. బ్యాంక్ ఆన్ కూడా దాదాపు అదే, పందెం కాస్త పెద్దది. “డోంట్ బ్యాంక్ ఆన్ ఇట్” అని కాదనేటప్పుడు ఎక్కువగా వినపడుతుంది. ఫాల్ బ్యాక్ ఆన్ అంటే మొదటి దారి మూసుకుపోయాక మిగిలిన దిక్కు: ఆటోమేషన్ టూల్ పడిపోతే మాన్యువల్ టెస్టింగ్ మీదికి ఫాల్ బ్యాక్ అవుతాం. ఇవి ఒకదాని పొలంలోకి ఒకటి దూరుతూనే ఉంటాయి. “యూ కెన్ డిపెండ్ ఆన్ మీ” అన్నా, “యూ కెన్ కౌంట్ ఆన్ మీ” అన్నా పెద్ద తేడా లేని సందర్భాలు ఎన్నో.

ఖాళీలు పూరించే షీట్లు ఇచ్చాను. ఆమె అన్నీ సరిగ్గా రాశారు. ఆ వారం మెయిళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. షీట్‌లో ప్రశ్న “ఏ మాట రాయాలి” అని. ఆఫీసులో ఆ మాట రాసేది అవతలివాళ్లు. ఈమె తేల్చుకోవాల్సింది “ఈ మాటతో నన్నేం అడుగుతున్నారు” అని. రెండూ వేర్వేరు పనులు, నేను మొదటిదానికి తర్ఫీదు ఇస్తున్నాను.

మాటల పుట్టుక చెబితే పట్టు దొరుకుతుందేమో అనిపించింది. కౌంట్ వచ్చింది లాటిన్‌లో లెక్కించడం అనే మాట నుంచి, కంప్యూటర్‌దీ అదే మూలం. డిపెండ్‌లో ఉన్నది కిందికి వేలాడటం. రిలైలో ఉన్నది కట్టివేయడం. ఆమెకు ఇది భలే నచ్చింది, ఇంటికెళ్లి పిల్లలకు కూడా చెప్పారట. మెయిల్ రాసేటప్పుడు మాత్రం లాటిన్ ఎవరికీ గుర్తురాదు.

ఇక మూడోది నిషేధం. తన మెయిళ్లలో డిపెండ్, రిలై, కౌంట్ ఏవీ రాయొద్దన్నాను. కావలసింది సూటిగా అడగమన్నాను: “వుయ్ నీడ్ యాక్సెస్ బై వెన్స్‌డే నూన్, యువర్ టైమ్, టు స్టార్ట్ ఆన్ థర్స్‌డే.” ఎవరిమీదా నింద లేదు, దీనత్వం లేదు, తేదీ ఉంది. యాక్సెస్ మెయిళ్ల గొడవ దీంతోనే దాదాపు సద్దుమణిగింది. “యువర్ టైమ్” అని రాయడం కూడా ముఖ్యమే. అక్కడ సాయంత్రం ఐదంటే మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. “ఎండ్ ఆఫ్ డే” అనే మాట మీద జరిగే తగాదాల్లో సగం ఇందులోంచే పుడతాయి. కానీ తను రాయకుండా ఉండగలరు గానీ, క్లయింట్‌ను ఆ మాటలు వాడొద్దని చెప్పలేరు కదా. ఆయన నోట కౌంట్ ఆన్ వస్తూనే ఉంది.

పట్టు దొరికిన చోటు

ఆ శనివారం అసలేం జరిగిందో వివరంగా తెలుగులో చెప్పమన్నాను. అంతవరకు మేం దాన్ని ఇంగ్లిష్ వాక్యంగానే విప్పుతూ వచ్చాం.

“ఆయన మాట నమ్ముకుని అందరినీ రప్పించాను సార్. పిల్లలు పొద్దున్నే వచ్చేశారు. లంచ్ కూడా ఆర్డర్ పెట్టాం. తీరా ఓపెన్ చేస్తే డేటా టేబుల్స్ ఖాళీ.”

“నమ్మి అనలేదే, నమ్ముకుని అన్నారు?”

ఆమె కాసేపు ఆగి నవ్వారు. “నమ్మితే ఏముంది సార్, ఇంట్లో కూర్చుని కూడా నమ్మొచ్చు. నమ్ముకుంటేనే కదా మనుషుల్ని రప్పించేది.”

పుస్తకంలో “ఆధారపడు” అని ఉన్నచోట ఉండాల్సింది ఇది. పొలాన్ని నమ్ముకున్నాడు, కొడుకును నమ్ముకుంది అంటాం. ఆ “కొను” చేరగానే నమ్మినవాడి సొంత లాభనష్టాలు అందులో కలుస్తాయి. నమ్ముకున్నది జారిపోతే నష్టపోయేది నమ్ముకున్నవాడే. కౌంట్ ఆన్‌లోనూ అంతే: అడుగుతున్న మనిషి తన ఖర్చు పెట్టబోతున్నాడు. అయితే మన మాటకు బరువెక్కువ. జీవితాన్ని నమ్ముకోవడం దాకా వెళ్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు శుక్రవారం బస్సును కూడా కౌంట్ ఆన్ చేస్తారు. ఈ ఒక్క తేడా చెప్పి వదిలేశాను, ఇంకా లాగితే మళ్లీ షీట్లలో పడతాం.

దాన్నిబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. క్లయింట్ మెయిల్‌లో కౌంట్ ఆన్ గానీ, దాని చుట్టాలు గానీ కనిపిస్తే జవాబు టైప్ చేసే ముందు డైరీలో తెలుగులో ఒక్క వాక్యం రాయాలి: నా జవాబు నమ్ముకుని ఈయన ఏం చేసేస్తారు? తెలుగులోనే ఎందుకంటే, ఆ ఆలోచన ఆమెకు తెలుగులో తడుముకోకుండా వస్తుందని ముందే చూశాం. ఇంగ్లిష్‌లో రాయమంటే మళ్లీ వాక్యం సరిగ్గా ఉందా లేదా అన్న దిగులు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ ఇక్కడ పెడతాను. ఆయన అడిగింది: “కెన్ వుయ్ కౌంట్ ఆన్ టూ టెస్టర్స్ ఫర్ సాటర్‌డేస్ డిప్లాయ్‌మెంట్?” పాత అలవాటు ప్రకారం దీనికి జవాబు “యస్, విల్ ట్రై అవర్ లెవెల్ బెస్ట్”. డైరీలో ఆమె రాసుకున్నది: “ఇద్దరంటే అటువైపు ఆన్‌కాల్ మనిషిని (పిలిస్తే అందుబాటులో ఉండేవాడిని) తగ్గించేస్తారు. మనవాడు ఒకడు ఊరెళ్తానన్నాడు.” పంపిన జవాబు: “యూ కెన్ కౌంట్ ఆన్ వన్. ఐ విల్ కన్ఫర్మ్ ద సెకండ్ బై వెన్స్‌డే నూన్, యువర్ టైమ్.” ఆయన నుంచి వచ్చింది రెండే మాటలు, “దట్స్ హెల్ప్‌ఫుల్.” కాపీలో ఎవరూ లేరు.

కాదనడం దగ్గర ఇంకొంచెం పట్టింది. “ఐ వుడంట్ కౌంట్ ఆన్ థర్స్‌డే” అని క్లయింట్‌కు రాయడం ఆమెకు ఎదురు చెప్పినట్టు అనిపించింది. “ముఖం మీదే కాదన్నట్టు ఉండదా సార్?” అన్నారు. ఇది భాషను దాటిన సంకోచం. మనకు “చూద్దాం సార్” అనడం మర్యాద, విన్నవాళ్లకు అందులో కాదన్నది అర్థమవుతుంది. అటువైపు వాళ్లకు “వుయ్ విల్ ట్రై” సగం అవునుగా చేరుతుంది, “ఐ వుడంట్ కౌంట్ ఆన్ ఇట్” నిండు మర్యాదతో కూడిన కాదుగా చేరుతుంది. వాదించి ఒప్పించడం కంటే ఆయన సొంత మెయిళ్లలోనే అలాంటి వాక్యాలు వెతికించడం మేలనిపించింది. పాత మెయిళ్లలో బోలెడు దొరికాయి. క్లయింటే తనతో అలా అంటున్నప్పుడు తను అనడంలో తప్పు లేదని ఆమె తేల్చుకున్నారు. ఆపైన మేం పెట్టుకున్న చిన్న నియమం, కాదన్న వెంటనే ఆయన నమ్ముకోదగ్గ ఇంకో తేదీ ఇవ్వడం: “ఐ వుడంట్ కౌంట్ ఆన్ థర్స్‌డే. ఫ్రైడే నూన్ ఈజ్ సేఫర్.”

నిర్మాణం, చెవి

అర్థం కుదిరాకే నిర్మాణం జోలికి వెళ్లాను. ఆమె ఒకచోట “కౌంట్ యూ ఆన్” అని రాశారు. “పిక్ ఇట్ అప్”, “టర్న్ ఇట్ ఆఫ్” లాంటి వాటిలో “ఇట్” మధ్యలోకి వస్తుందని చదువుకున్న నియమాన్ని దీనికీ పట్టించారు. కౌంట్ ఆన్ విడిపోదు, మనిషైనా వస్తువైనా “ఆన్” తర్వాతే. డిపెండ్ ఆన్, రిలై ఆన్ కూడా అంతే. ఇక “ఐ యామ్ డిపెండెడ్ ఆన్” అనేది తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో బాగా పాతుకుపోయింది. “ఆధారపడి ఉన్నాను”లోని “ఉన్నాను” కోసం “యామ్” వచ్చి కూర్చుంటుంది. “ఐ డిపెండ్ ఆన్” లేదా “ఐ యామ్ డిపెండెంట్ ఆన్” అనాలి. “ఇట్ ఈజ్ డిపెండింగ్ ఆన్” కాదు, “ఇట్ డిపెండ్స్ ఆన్”. అయితే “ఐయామ్ కౌంటింగ్ ఆన్ యూ” మాత్రం మామూలే, కాకపోతే అందులో కొంచెం ఒత్తిడి ఉంటుంది. ఆమె దాన్ని టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి చాట్‌లో పెడితే అతను రాత్రి పదకొండుకు “ఎనీ ఇష్యూ మేడమ్?” అని అడిగాడట. “నిన్నే నమ్ముకున్నాను రా” అన్నట్టు వినపడి ఉంటుంది పాపం. “డిడంట్ కౌంట్ ఆన్” అంటే అలా జరుగుతుందని ఊహించలేదని. ఇది రెట్రో మీటింగుల్లో, అంటే అయిపోయిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే మీటింగుల్లో, తరచూ వస్తుంది కాబట్టి ఒక్కసారి చెప్పి ముందుకు కదిలాం.

కాల్‌లో ఇబ్బంది వేరు. మెయిల్‌లో “కౌంట్ ఆన్ ఇట్” మూడు మాటలు, నోట్లో ఒక్కటే: “కౌంటానిట్”. ఆమె చెవి “కౌంట్” అనే విడి మాట కోసం ఎదురుచూస్తోంది, అది ఎప్పటికీ రాదు. దీనికంటే ప్రమాదకరమైనది దాని ముందు మాట. “కెన్” అనేది మామూలు వాక్యంలో “క్న్” అన్నంత చిన్నగా నలిగిపోతుంది. ఇంగ్లండ్ వాళ్ల “కాంట్”లో దీర్ఘం ఉంటుంది కాబట్టి పట్టుకోవచ్చు. అదే కాల్‌లో ఒక అమెరికన్ ఉన్నాడు, అతని “క్యాంట్”లో చివరి “ట్” మింగేసినట్టు వినపడకుండా పోతుంది. అప్పుడు బలాన్ని బట్టి వినాలి: మాట నలిగిపోయి వినపడితే అవును, నిండుగా, నొక్కి వినపడితే కాదు. రికార్డింగులలోంచి ముక్కలు తీసి ఇదొక్కటే సాధన చేయించాను. అనుమానం వస్తే అడిగేయడానికి ఒక వాక్యం: “సో షుడ్ వుయ్ ప్లాన్ విత్ ఇట్, ఆర్ వితవుట్ ఇట్?” శనివారం సంగతి ఈ ప్రశ్నతో శుక్రవారమే తేలిపోయేది.

తర్వాత

కొన్ని నెలలకు క్లయింట్ ఫీడ్‌బ్యాక్‌లో “క్లియర్ అబౌట్ డేట్స్” అని వచ్చింది. డైరీలో తెలుగు వాక్యం రాయడం ఆమె మానేశారు, అవసరం తీరిపోయిందన్నారు. కాల్స్‌లో ఇంకా తడబాటు ఉంది, ముఖ్యంగా ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే. అలాంటి రోజు కాల్ అయ్యాక రెండు లైన్ల మెయిల్ పెట్టి, ఎవరు దేన్ని నమ్ముకోవచ్చో రాతలో ఖాయం చేసుకుంటున్నారు.

తర్వాతి బ్యాచ్‌లకు నేను ఈ క్రియల పట్టిక ముందుగా ఇవ్వడం లేదు. క్లయింట్ మెయిల్ ముక్క ఇచ్చి, మీ జవాబు చూసుకుని ఈయన రేపు ఏం చేస్తాడు అని అడిగి, అక్కడినుంచి క్రియల్లోకి వెళ్తున్నాను. టెస్టింగ్, సపోర్ట్ వాళ్లకు ఇది వెంటనే ఎక్కుతోంది. డెవలపర్లు “నాకు డేట్లతో ఏం పని, మా లీడ్ చూసుకుంటారు” అంటున్నారు. వాళ్లకు ఇంకో దారి చూడాలి.

ఈ కేసులో నా చేతికి అందనిది ఒకటి మిగిలింది. ఆమె “ఐ వుడంట్ కౌంట్ ఆన్ థర్స్‌డే” అని రాస్తే, అదే థ్రెడ్‌లో కింద మేనేజర్ “వుయ్ విల్ మేక్ ఇట్ హ్యాపెన్” అని రాసేవారు. క్లయింట్ ఏది నమ్ముకోవాలి? మేనేజర్‌తో ముఖాముఖి కూర్చుని, తేదీల జవాబు ఒక్కరి నుంచే వెళ్లాలని ఒప్పందం కుదుర్చుకున్నాం. మామూలు వారాల్లో అది నడుస్తోంది. క్వార్టర్ చివరికి వచ్చేసరికి మళ్లీ ఆయన వాక్యం కింద ప్రత్యక్షమవుతోందని ఆమె మొన్న ఫోన్‌లో చెప్పారు.